ఎలుగొడ్డు వచ్చింది, అభినందనలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రజలకు శుభవార్త. బీడు పడిన మన జీడితోటల్లోకి వన్యప్రాణులు తిరిగి వస్తున్నాయట. ఈ సంగతి మొన్న వేసవిలో మా వైపు సర్వేకి వచ్చిన బృందం, వెళ్ళేముందు బడి వరండాలో తెర కట్టి మరీ చెప్పింది. అంతా బాగానే ఉంది గానీ ఆఖర్లో ఒక ముక్క అన్నారు, అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఈ ప్రాంతంలో మనుషుల అలికిడి బాగా తగ్గిందట, అది చాలా సానుకూల పరిణామమట.

మనం అనవసరంగా ఏడుస్తున్నామన్నమాట. వీధికి నాలుగిళ్ళు తాళం పడితే ఊరు పాడైపోయిందని బెంగ పెట్టుకున్నాం, తీరా చూస్తే అది మనం పర్యావరణానికి చేసిన సేవ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గంటకి 140, 150 కిలోమీటర్ల గాలితో కొబ్బరినీ జీడినీ వేళ్ళతో సహా పెకలించి పారేస్తే దాన్ని తుఫాను అనుకున్నాం, అమాయకులం. శుభకార్యానికి అది కొబ్బరికాయ కొట్టడమని మనకెలా తెలుస్తుంది?

తర్వాతి కథ తెలిసిందే. కొబ్బరి మళ్ళీ వేస్తే కాపుకి ఐదారేళ్ళు, జీడికి మూడు నాలుగేళ్ళు. ఈలోగా ఏం తిని బతకాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి జనం హైదరాబాద్, చెన్నై, గల్ఫ్ అంటూ చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. మిగిలినవాళ్ళు పండించిన జీడిపిక్కలకి ఎనభై కేజీల బస్తా దగ్గర ధర గిట్టదు, ఎందుకంటే ఆఫ్రికా నుంచి ఓడల్లో పిక్కలు దిగుతాయి. తోటలో ముందు వయ్యారిభామ మొలిచింది, ఆపైన లాంటానా, ఆపైన రేగుతుప్పలు. తుప్పల్లోకి కౌజులూ కుందేళ్ళూ, వాటికోసం నక్కలు, దుంపలకోసం అడవిపందులు, చివరికి ఎలుగొడ్డు. ఇదంతా మేకలు కాసుకునే కుర్రాణ్ణి అడిగినా చెప్తాడు. టీ కూడా అడగడు.

కానీ శాస్త్రం శాస్త్రమే. లైన్ ట్రాన్సెక్ట్ అని ఒక పద్ధతి ఉంది. నిజంగా మంచి పద్ధతి, వెటకారానికి అనడం లేదు. మ్యాపు మీద ముందే తిన్నని గీత గీసుకుని, దాని వెంటే నడుస్తూ, కనిపించిన జంతువు గీతకి ఎంత దూరంలో ఉందో కొలుచుకుంటే, ఆ దూరాల్ని బట్టి మొత్తం ఎన్ని ఉంటాయో అంచనా కట్టొచ్చు. ఉన్న దారుల వెంట నడిస్తే లెక్క తప్పుతుంది, అందుకని గీత తప్పకూడదు. పెద్దపెద్ద అడవుల్లో ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. మా ఊళ్ళో గీసిన గీత మాత్రం నేరుగా చెరువులోకి వెళ్ళింది.

వాళ్ళూ వెళ్ళారు. మచ్చల ప్యాంట్లు, ఆకుపచ్చ టోపీలు, మెడలో బైనాక్యులర్లు, మోకాలి లోతు, నడుము లోతు, ఫారాలు తడవకుండా నెత్తిన పెట్టుకుని ఒకరి వెనక ఒకరు. గట్టు మీద జనం పోగయ్యారు. ఎవరో పడిపోయారనుకుని ఒకాయన తాడు తెచ్చాడు. నీళ్ళలో పడుకున్న గేదెలు మర్యాదగా పక్కకి జరిగాయి. ముందున్న కుర్రాడు చెయ్యెత్తి అందర్నీ ఆపి, పరికరంతో గురిచూసి, గుసగుసగా చెప్పాడు: గేదె, పెంపుడు, పన్నెండు మీటర్లు. వెనకున్నమ్మాయి రాసుకుంది. బట్టలుతుక్కుంటున్న ముసలమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏటి బావూ, గట్టుంది కదా. ఎలుగొడ్డు కూడా గట్టు మీద నుంచే ఎల్తాది."

"మేం గీత తప్పకూడదమ్మా."

"ఎవులు గీసినారు?"

"కంప్యూటరమ్మా."

"దానికి సెరువు తెల్దా?"

సమాధానం రాలేదు, అప్పటికి కుర్రాడు ఛాతీ లోతులో ఉన్నాడు.

చెరువు దాటాక గీత ఒకాయన పెరట్లోంచి, పశువుల సాలలోంచి, నడవలోంచి పోయింది. సర్వే అన్న మాట చెవిన పడగానే ఆయన పాస్‌బుక్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పాపం, భూముల రీసర్వేలో పది సెంట్లు తక్కువ పడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మనిషి, ఇన్నాళ్ళకి దేవుడు ఇంటికే పంపాడనుకున్నాడు. వాళ్ళకి మజ్జిగ ఇచ్చాడు, మంచం వేశాడు, హద్దు రాయి చూపించాడు. వాళ్ళు ఓపిగ్గా విని, రాయి మీద కూర్చున్న తొండని నమోదు చేసుకుని వెళ్ళారు.

ఇంతకీ ఎలుగు ఆనవాలు ఎక్కడుందో తెలుసా? ముసలమ్మ చెప్పిన గట్టు కిందే. చెదపుట్టని మొదలంటా తవ్వేసి ఉంది, ఎర్రమట్టి ఇంకా పచ్చిగా, దాని మీద లోతుగా గోళ్ళ చారలు. పక్కనే పెంటిక, నిండా జీడిపండు పిప్పి. ఎలుగుకి పై వరసలో ముందు పళ్ళు రెండుండవు, ఆ సందులోంచే చెదల్ని జుర్రుకుంటుంది. ఆ చప్పుడుకి రాత్రిళ్ళు ఊళ్ళో కుక్కలు కూడా నోరెత్తవు. చూపిస్తే, ఇది జంతువు కాదు, ఆనవాలు, దీనికి ఫారం వేరే ఉంటుంది అన్నారు. ఆ ఫారం తేలేదు.

ఇక బడి వరండాలో ఇంగ్లండ్ చూపించారు. వెస్ట్ ససెక్స్‌లో నెప్ అని 3,500 ఎకరాల ఎస్టేటుంది. బంకమట్టి నేల, సేద్యంలో నష్టాలు, 2001 నుంచి యజమానులు దాన్ని మెల్లగా ప్రకృతికి వదిలేశారు. పశువులూ పందులూ జింకలూ ఇష్టమొచ్చినట్టు మేస్తాయి. నైటింగేల్ పాటపిట్టలు పెరిగాయి, 2020లో తెల్ల స్టార్క్ కొంగలు పిల్లల్ని లేపాయి. గొప్ప పనే, కాదనను. కానీ అక్కడ సఫారీ ఉంది, మాంసం అమ్మకం ఉంది, యజమానులు ఉండటానికి కోట ఉంది. మా ఉద్దానం రైతుకున్నది ఎకరన్నర. వాడు దేన్నీ ప్రకృతికి వదిలేయలేదండీ, వాడి చేతుల్లోంచి లాగేసుకున్నారు. ఈ ప్రాంతాన్ని పట్టిన జబ్బుతో కిడ్నీలు పోయి వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్‌కి తిరిగేవాడు తోటకి కంచె ఎప్పుడు కడతాడు? తుప్పలు ఎప్పుడు కొడతాడు? దాన్ని మీరు సానుకూల పరిణామం అంటారా? సిగ్గుండక్కర్లేదా?

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒక మనిషిని చంపింది, ఇంకొందరి ఒళ్ళు చీరేసింది. దాన్ని పట్టుకున్నారు, అదీ చచ్చిపోయింది. మనిషీ పోయాడు, మృగమూ పోయింది. 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుగు గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లో ఉంది, ఉండాలి కూడా, దాని మీద నాకే కోపమూ లేదు. టెక్కలి వైపు నుంచి మొదలుపెట్టి గ్రానైట్ కోసం కొండలకి కొండలు పేల్చుకుంటూ పోతే అది మాత్రం ఎక్కడుంటుంది? దాని గుహని ఎవరింటి ముందో నున్నటి మెట్లుగా పరిచేసి, దిక్కులేక తోటలో దూరితే "తిరిగొచ్చింది" అని చప్పట్లు కొడుతున్నారు. అది తిరిగి రాలేదు. అదీ వలసే వచ్చింది, మనవాళ్ళు వెళ్ళినట్టే.

కాబట్టి సర్వే బృందానికి ఒక మనవి. మీ దగ్గర జంతువుల కోసం చెట్లకి కట్టే కెమెరాలు మిగిలుంటే పలాస స్టేషన్లో జనరల్ బోగీ ఆగేచోట రెండు కట్టండి, నమూనాకి లోటుండదు. తర్వాత హైదరాబాద్‌లో ఒక గీత గీసుకుని, సెల్లార్లలోంచీ సెంట్రింగ్ కర్రల మధ్యలోంచీ తిన్నగా నడవండి, గీత తప్పొద్దు. ఫారం నేనే నింపి పెట్టాను. పేరు: ఉద్దానం రైతు. ఆవాసం: వాచ్‌మన్ గది, లిఫ్టు పక్కన. ఆహారం: రేషన్ బియ్యం, ఊరి నుంచి వచ్చిన ఎండుచేపలు. పిల్లలు: ముసలమ్మ దగ్గర. అలికిడి: ఓనరు బెల్లు కొడితే. సొంత ఊళ్ళో కనిపించే కాలం: సంక్రాంతికి మూడ్రోజులు, ఎన్నికలకి ఒకరోజు, అదీ బస్సు ఎవరైనా పెడితే.