ఒక సైలెన్సరు తొలగింపుపై మా అభ్యంతరాలు

పోయిన మంగళవారం మా పికప్పు బండికి కొత్త సైలెన్సరు వేయించారు. 'వేయించారు' అనడంలోనే ఉంది సంగతి. మేము వేయించలేదు. మా ఇంటామె తాళంచెవి పట్టుకుపోయి గ్యారేజీ భాయ్ చేతిలో పెట్టి, "పైసలు నేనిస్త, ఆయన ఏమన్నా ఇనకు" అని చెప్పి వచ్చింది. పద్నాలుగేండ్లు ఊరికి సేవ చేసిన పొగగొట్టాన్ని నోటీసు ఇవ్వకుండా, సంజాయిషీ అడగకుండా ఒక్క పూటలో తీసి అవతల పడేశారు. తొందరపాటుతో జరిగిన ఈ చర్య మీద మా అభ్యంతరాలను పాఠకుల ముందు పెడుతున్నాం.

బండిని 2011లో కొన్నాం. నంబరు ఇప్పటికీ ఏపీ 24తోనే మొదలవుతుంది. ఆ తర్వాత తెలంగాణ వచ్చింది, టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది. బండి దేనికీ తొణకలేదు. కనగల్ దిక్కున ఉన్న తోట నుంచి నల్లగొండ మార్కెట్టుకు బత్తాయిలు, వచ్చేటప్పుడు ఎరువు బస్తాలు, మధ్యలో ఎవరింట్లో పెండ్లయితే వాళ్లకు కుర్చీలు, గుండిగలు. అది చేసిన అసలు సేవ మాత్రం శబ్దం. తోట మలుపు తిరగ్గానే ఊరి మొదట్లో హోటలాయన చాయ్ గిన్నె పొయ్యిమీద పెట్టేవాడు. హమాలీలు బీడీలు ఆర్పి లేచేవారు. నడిబజార్లో పడుకున్న బర్రెలు ఎవరూ అదిలించకుండానే పక్కకు జరిగేవి. అప్పిచ్చినవాళ్లు కూడా ఆ శబ్దానికే గడప దాటి వచ్చి నిలబడేవారు. ఈ సేవలో లోపమంటూ ఉంటే అదొక్కటే. బండి వెనక 'హారన్ ప్లీజ్' అని రాసి ఉన్న మాట నిజమే గానీ, కొట్టినా మాకు వినబడేది కాదు. రాసింది మర్యాద కోసం.

చట్టం ఒప్పుకోదంటారు కొందరు. చట్టం మేమూ చదివాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 120వ నిబంధన ట్రాక్టరుతో సహా ప్రతి మోటారు బండికీ శబ్దాన్ని వీలైనంత మేరకు తగ్గించే సైలెన్సరు ఉండాలంటుంది. 'వీలైనంత మేరకు' అన్న మాటను మేము ఒకటికి రెండుసార్లు చదువుకున్నాం. మాకు వీలైంది అంతే.

పొగ గురించి కూడా నిందలున్నాయి. నల్లగొండకు పాతపేరు నీలగిరి అనీ, బహమనీల కాలంలో నల్లగొండ అయిందనీ చెబుతారు. అప్పటికి మా బండి లేదు. కాబట్టి ఆ మార్పుకు మేము బాధ్యులం కాము.

ఇక మరమ్మతుల చరిత్ర. ఫ్లోరైడు నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970వ దశకంలో కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టారు. లోకానికి తెలిసిన నల్లగొండ టెక్నిక్ అదొక్కటే. రెండోది ఒకటి ఉంది, దాన్ని ఏ శాస్త్రవేత్తా పట్టించుకోలేదు. దానికి కావలసిన వస్తువులు మూడు: ఖాళీ నూనె డబ్బా రేకు, రెండు క్లాంపులు, పాలమూరు నుంచి వచ్చిన బావమరిది.

"గీ మాత్రం దానికి గ్యారేజీ ఎందుకు బావా? రేకు సుట్టి బిగిస్తే అయిపాయె," అన్నాడు వాడు, అల్లం చాయ్ తాగుతూ. అప్పటికి సైలెన్సరు డబ్బా అడుగున ఉన్నది ఒక్క రంధ్రం, జొన్నగింజంత. మొదట దానికి పైపులకు పెట్టే సీలు ముద్ద నొక్కాం. రాయిలా గట్టిపడింది, మురిసిపోయాం. వర్షాకాలం గడిచేసరికి పక్కన శనగగింజంత రంధ్రం పడింది. దానికి నూనె డబ్బా రేకు చుట్టాం. తర్వాత పైపును వేలాడదీసే రబ్బర్లు తెగాయి, సైకిల్ ట్యూబు కోసి కట్టాం. ట్యూబు వేడికి కరిగితే జీఐ తీగ చుట్టాం. తీగతో కట్టేసరికి పైపుకు ఊగే వీలు లేకుండా పోయి, ఇంజను అదురంతా అతుకుల మీద పడి, ముందరి జాయింటు పగిలింది. అప్పుడు వెల్డింగుకు పోయాం. తుప్పుకు వెల్డింగు పట్టదన్న సంగతి మాకు అక్కడే తెలిసింది. రాడ్డు ఆనించడం ఆలస్యం, శనగగింజ రూపాయి బిళ్ల అయింది. దాన్ని మూయడానికి రేకు అతికిస్తే, ఆ రేకు చుట్టూ ఇంకో నాలుగు. వెల్డింగాయన తప్పు కాదది. అతకడానికి అవతల ఇనుమంటూ ఉండాలి గదా.

ఏటా ఫిట్‌నెస్ గండం ఒకటి. రవాణా బండికి ఎనిమిదేండ్ల దాకా రెండేండ్లకోసారి చేయిస్తే చాలు, ఆ తర్వాత ఏటేటా చేయించాలి. ఆ వారంలో మా బండికి అన్నీ కొత్త క్లాంపులే. పరీక్ష రాసే పిల్లగాడికి ఇస్త్రీ చొక్కా తొడిగినట్టు.

ముందరి జాయింటులో పొగ బయటికి రాకుండా పెట్టే గాస్కెట్టు కూడా పోయాక పొగ క్యాబిన్లోకి రావడం మొదలుపెట్టింది. మేము అద్దాలు దించి సమస్యను పరిష్కరించాం. వాసన వచ్చేది పొగలోని మిగతా సరుకుదని, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవని, అసలు భయపడాల్సింది దానికేనని మా పెద్దపిల్ల చెప్పింది. ఇంటర్ బైపీసీ చదువుతుంది, కాబట్టి ఇంట్లో ఎవరినీ వదలదు. మార్కెట్టుకు చేరేసరికి తలనొప్పి వచ్చేదన్నది వాస్తవమే. అయితే అక్కడ బత్తాయి ధర చెప్పగానే కూడా సరిగ్గా అదే తలనొప్పి వచ్చేది. ఏది దేనివల్లో తేల్చడం డాక్టర్లకైనా కష్టమే.

అసలు సైలెన్సరు మీద రూపాయి ఎందుకు పెట్టాలో మాకు ఇప్పటికీ అర్థం కాదు. అది బండి కింద ఉంటుంది. పెండ్లికి పోయినప్పుడు ఎవరూ వంగి చూడరు. ఈ మరమ్మతులు నడుస్తుండగానే మేము అద్దం మీద రేడియం అక్షరాలతో పిల్లల పేర్లు రాయించాం, బంపరుకు లైట్లు పెట్టించాం, సైలెన్సరు శబ్దంలో పాట వినబడడం లేదని ఆరువేలు పోసి స్పీకర్లు కొన్నాం. వాటిలో ఒక్కదాన్నైనా దుబారా అన్నవాడు లేడు.

విషయం తెలిసి మేము గ్యారేజీకి పోయేసరికి బండి జాకీల మీద ఉంది. పాత నట్లకు పొద్దటినుంచీ డీజిల్ పోసి నానబెట్టాడు భాయ్. పానా పెట్టి తిప్పితే ఒకటి ఊడింది, రెండు తెగాయి. మిగతావాటికి గ్రైండరు. నిప్పురవ్వలు ఎగిరినంతసేపూ మేము మొహం తిప్పుకుని నిలబడ్డాం.

"ఇట్ల రాండ్రి సార్, సూడుండ్రి," అని డబ్బాను స్క్రూడ్రైవరుతో పొడిచాడు. పాలమీగడలో చెంచా దిగినట్టు దిగింది. బోర్లించి కొడితే లోపల శబ్దాన్ని మింగాల్సిన రంధ్రాల గొట్టాలు, అరలు అన్నీ ఎర్రటి పొడిగా రాలాయి, చారెడు కాదు, ఒక చాటెడు.

"వానకు పట్టిందేమో భాయ్."

"వాన కాదు సార్. లోపటికెళ్లి తిన్నది. నీళ్లు."

డీజిల్ కాలితే పొగతోపాటు నీళ్లు పుడతాయట. లీటరు డీజిలుకు దగ్గర దగ్గర లీటరు నీళ్లు. దూరం పోతే గొట్టం బాగా వేడెక్కి అదంతా ఆవిరిగా బయటికి పోతుంది. ఇంటినుంచి హోటలు దాకా చాయ్‌కి పోయి అక్కడే బండి ఆపేస్తే గొట్టం వేడెక్కదు, ఆవిరి నీరై డబ్బాలోనే కూర్చుంటుంది, పొగలోని గంధకంతో కలిసి పులిసి ఇనుమును తింటుంది. రోజుకు రెండుసార్లు చాయ్ అనుకున్నా, ఈ లెక్కన నేరం ఎవరి మీదికి వస్తుందో పాఠకులు ఊహించుకోగలరు. ఆ విషయాన్ని మేము ఇక్కడ పొడిగించదలచుకోలేదు. చుక్క నీటికోసం ఇన్నేండ్లు కొట్లాడిన జిల్లాలో నడివేసవిలో కూడా నీళ్లు నిలిచే ఒక చోటును మేము సొంత ఖర్చుతో పోషించామన్నది మాత్రం రికార్డుల్లో ఉండాలి.

భాయ్ అక్కడితో ఆగితే బాగుండేది. కొత్త డబ్బాను తిప్పి, అడుగున సూదంత రంధ్రం చూపించాడు.

"ఇది ఎందుకు పెట్టిండ్రో ఎరుకేనా సార్? నీళ్లు కారనీకి. మీ పాతదానికి ఎవరో గట్టిగ సీలు వెట్టి మూసిండ్రు."

మేము పాలమూరు దిక్కు ఒకసారి చూశాం. వాడు ఫోన్ ఎత్తలేదు.

బిగించడంలో కూడా ఒక పద్ధతుంది. ముందు కొత్త గాస్కెట్టు, కొత్త రబ్బర్లు పెట్టి అన్నిటినీ వదులుగా తొడిగి, పైపు ఛాసిస్‌కు గానీ ఇరుసుకు గానీ ఎక్కడా తగలకుండా సర్ది, అప్పుడు ఇంజను దగ్గర మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ పోయాడు. ఇంజను కాసేపు నడిపి, వేడెక్కాక మళ్లీ ఒక చుట్టు. మొత్తం ఐదువేల రెండువందలు. ఇంత ఖర్చా అని మేము ఆశ్చర్యం ప్రకటించబోతుంటే మా ఇంటామె పాల లెక్కల నోటుబుక్కు తెరిచింది. క్లాంపులు, ముద్దలు, రేకులు, తీగలు, వెల్డింగులు, బావమరిది బస్సు చార్జీలు, అన్నీ తేదీలతో రాసి ఉన్నాయి. చివర కూడిక ఏడువేల ఎనిమిదివందల నలభై. కుటుంబాల్లో ఇలాంటి రహస్య ఆడిట్లు మంచివి కావు.

పరిణామాలు మేము భయపడ్డట్టే ఉన్నాయి. మొదటిరోజు నడుస్తున్న ఇంజనుకే మళ్లీ తాళం తిప్పాం, స్టార్టరు కిర్రుమంది. బర్రెలు లేవడం లేదు, దిగి తోకలు పట్టుకోవాల్సి వస్తోంది. హోటలాయన చాయ్ పెట్టలేదు సరికదా, "సార్, బండి అమ్మిండ్రా?" అని అడిగాడు. అన్నిటికంటే ఘోరం, సైలెన్సరు నోరు మూసేసరికి బండిలోని మిగతావాళ్లంతా మాట్లాడుతున్నారు. ఎడమ ముందుచక్రం బేరింగు మూలుగుతోంది. కమాను బుష్షు కిచకిచలాడుతోంది. తలుపు ఎప్పటినుంచి కొట్టుకుంటోందో తెలియదు. ఇన్నేండ్లు ఒక్క రూపాయి అడగని వస్తువులివి.

పాత సైలెన్సరును ఇనుప సామాన్ల దుకాణానికి తీసుకుపోతే, దుకాణపాయన తుప్పు తూకానికి రాదని, సీలు ముద్దలు పీకి తెమ్మని అన్నాడు. తిరిగి గ్యారేజీకి పోయాం. మేము అడగకముందే భాయ్ క్లాంపులు వదులు చేసి నూనె డబ్బా రేకును విడదీశాడు. పల్లి నూనె అన్న అక్షరాలు ఇంకా కొద్దిగా కనబడుతున్నాయి. గుడ్డతో తుడిచి, చేత్తో సాపు చేసి, గోడకు వేలాడుతున్న సంచిలో పెట్టాడు.

"గట్టిగనే ఉంది సార్," అన్నాడు. "దేవరకొండ బండొకటి రేపు వస్తది."