రక్తం బస్సెక్కితే చాలు కదప్పా, మనిషెందుకు?

కిడ్నీ మార్చుకున్నాక లైఫ్ ఎట్లుందని అడిగితే అందరూ క్రియాటినిన్ నంబర్ (కిడ్నీ ఎట్లా పనిచేస్తోందో చెప్పే రక్తప్పరీక్ష) చెప్తారు. 1.2 ఉంది, సూపర్ అంటారు. నిజమే, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలిసిస్ మంచం మీద పడున్న మనిషికి, నీళ్ళు కూడా గ్లాసుతో కొలుచుకుని తాగిన మనిషికి అది పునర్జన్మే. కానీ ఆ జన్మలో ఎన్ని రోజులు బస్సుల్లో పోతున్నాయో ఏ రిపోర్టులోనూ ఉండదు.

అనంతపురంలో నాకు తెలిసిన ఒకాయనకి భార్యే కిడ్నీ ఇచ్చింది (బతికుండి ఇచ్చేవాళ్ళలో మన దేశంలో ఆడవాళ్ళే ఎక్కువ, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం). ఆపరేషన్ బెంగళూరులో. టాక్రోలిమస్ మాత్ర పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి, కిడ్నీ పనిచేసినన్నాళ్ళూ. ఒంట్లో ఆ మందు తగ్గితే కిడ్నీని శరీరం తోసేస్తుంది, ఎక్కువైతే ఆ మందే కిడ్నీని పాడుచేస్తుంది, అందుకే లెవెల్ టెస్టు. దానికి పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. అంటే తెల్లారుజామున మూడున్నరకే బస్సెక్కి రెండొందల కిలోమీటర్ల పైన పోవాల, మాత్ర జేబులో పెట్టుకుని. జనంలో తిరగొద్దు, ఇన్ఫెక్షన్ వస్తుందని చెప్పింది డాక్టర్లే, కిక్కిరిసిన బస్సెక్కేలా చేసేదీ ఈ సిస్టమే. నీళ్ళు బాగా తాగమంటారు, దారిలో బాత్రూం దొరకదని ఆయన గొంతు తడుపుకోడు, అదీ మే నెల ఎండల్లో.

ఆపరేషన్ చేసినోళ్ళే చూడాలి, కేసు వాళ్ళకే తెలుసు అంటారు. మొదటి కొన్ని నెలలు ఒప్పుకుంటా. తర్వాత కూడా ఒక ట్యూబు రక్తం కోసం మనిషి మొత్తం కదలాల్నా? ఈ టెస్టు రక్తం చల్లగా ఉంచి పంపితే పాడైపోదు. జిల్లా పెద్దాసుపత్రిలో పొద్దున తీసి పంపించి, రిపోర్టు ఫోన్‌కి వస్తే, డాక్టరు డోసు వీడియో కాల్‌లో చెప్తే, ఆయన పదింటికల్లా షాపు తెరుచుకుంటాడు, ఆ రోజు బేరం పోదు, తోడు వచ్చే భార్యకీ ఒక రోజు మిగుల్తుంది. దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, ఐస్ బాక్సు, ఒక మనిషి చాలు.

అయినా సీమోళ్ళకి ఇది కొత్తా? రాజధానో హైకోర్టో సీమకి రావాలని 1937లో కోస్తా నాయకులతో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నాం, 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, 1956కల్లా అదీ హైదరాబాద్ పోయింది. అప్పట్నుంచి చదువుకీ, కోర్టుకీ, కొలువుకీ మూట కట్టుకుని పోతానే ఉన్నాం, ఇప్పుడు రక్తప్పరీక్షకి కూడా. ఆయన నెక్స్ట్ అపాయింట్‌మెంట్ సోమవారం, ఆదివారం రాత్రి మాత్ర తొమ్మిదికి వేసుకుని మూడింటికి అలారం పెట్టుకున్నాడు.