జీఆర్ఈ వెర్బల్‌కి వర్డ్ లిస్టులు బట్టీ పడుతున్నవాళ్లతో ఒక మాట

పొడుగు పోస్టు ఇది. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు, ఏమీ అనుకోను.

విదేశాల్లో ఎంఎస్ లాంటి పీజీ చదువులకు రాసే పరీక్ష జీఆర్ఈ. అందులో ఇంగ్లీషు భాగం వెర్బల్, లెక్కల భాగం క్వాంట్. జీఆర్ఈ మొదలుపెట్టిన ప్రతివాళ్ల దగ్గర్నుంచీ వచ్చే మెసేజ్ ఒకటే. "అన్నా, మంచి వర్డ్ లిస్ట్ పీడీఎఫ్ ఉంటే పంపవా?" వెయ్యి పదాలుంటే సంతోషం, మూడు వేలుంటే ఇంకా సంతోషం. పాసేజ్ ఎలా చదవాలన్నా అని అడిగినవాళ్లు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు.

ఈ లిస్టుల పిచ్చికి ఒకప్పుడు అర్థం ఉండేది. 2011 ఆగస్టుకి ముందు జీఆర్ఈలో యాంటోనిమ్స్ (వ్యతిరేక పదాలు), ఎనాలజీలు (పదాల జంటల మధ్య పోలికలు) ఉండేవి. ఒక పదం ముందు పెట్టి, దీనికి వ్యతిరేకం ఏదో చెప్పు అనేవాళ్లు. తెలిస్తే మార్కు, తెలియకపోతే లేదు. అప్పుడు బట్టీ పట్టినవాళ్లను తప్పుపట్టలేం. ఆ రెండూ తీసేసి ఇన్నేళ్లయింది. 2023 సెప్టెంబరులో పరీక్షను ఇంకా కుదించి రెండు గంటల లోపుకి తెచ్చారు. ఇప్పుడు వెర్బల్‌లో ఉన్నవి మొత్తం 27 ప్రశ్నలు: మొదటి సెక్షన్‌లో 18 నిమిషాలకు 12, రెండో సెక్షన్‌లో 23 నిమిషాలకు 15. వాటిలో దాదాపు సగం పాసేజ్ చదివి జవాబు చెప్పేవే. మిగతా సగంలో కూడా పదం ఒంటరిగా రాదు, వాక్యంలో ఖాళీ పూరించడానికే వస్తుంది. పరీక్ష మారింది కానీ చాలా కోచింగుల మెటీరియల్ మారలేదు. అట్ట మీద సంవత్సరం మాత్రం ఏటా మారుతుంది.

క్లాసుల్లో చెప్పే చిట్కాలు వింటే నవ్వొస్తుంది. గారులస్ (వాగుడుకాయ) అంటే గారెలు తింటూ వాగుతూనే ఉండేవాడు. లాకోనిక్ (మితభాషి) అంటే నోటికి లాక్ వేసుకున్నవాడు. గుర్తుండటానికి భేషుగ్గా గుర్తుంటాయి. కాకపోతే వాక్యం ఎటు తిరిగిందో అంతుపట్టనప్పుడు ఖాళీలో గారెలాయన్ని కూర్చోబెట్టాలో లాకాయన్ని కూర్చోబెట్టాలో ఏ చిట్కా చెప్తుంది?

ఇంగ్లీషు కాసేపు పక్కన పెడదాం. ఈ వాక్యం చూడండి: "సమీక్షకుడు పుస్తకంలోని తప్పుల్ని ఒక్కొక్కటిగా ఏకిపారేసినా, రచయిత మీద అతనికున్న ______ మాత్రం ఎక్కడా దాగలేదు." గౌరవం అంటారు, అభిమానం అంటారు. ద్వేషం అని ఎవరూ అనరు. ఎలా తెలిసింది? "పారేసినా"లో చివరి "నా", ఆ తర్వాత వచ్చిన "మాత్రం" దారి చూపించాయి. జీఆర్ఈ అడిగేదీ ఇదే. తెలుగులో అప్రయత్నంగా చేసే పనే, ఇంగ్లీషులోకి వచ్చేసరికి వదిలేసి ఆప్షన్ల మీద పడతాం. "ఎనీథింగ్ బట్ మోడెస్ట్" అని ఉంటుంది. అంటే అణకువ బొత్తిగా లేదని. మనవాళ్ల కన్ను మోడెస్ట్ మీద ఆగిపోతుంది, వినయం అనే అర్థమొచ్చే ఆప్షన్‌కి టిక్ పడిపోతుంది. ఇందులో తెలియని పదం ఏముంది చెప్పండి?

సెంటెన్స్ ఈక్వివలెన్స్ అని, ఒకే ఖాళీకి ఒకే అర్థమిచ్చే రెండు పదాలు ఎంచుకునే ప్రశ్నలుంటాయి. అక్కడైతే ఇంకో తమాషా. ఆరు ఆప్షన్లలో రెండు ఎంచుకోవాలి, రెండూ సరైతేనే మార్కు. లిస్టు వీరులు వాక్యం చదవకుండానే ఆరింటిలో పర్యాయపదాల జంట కోసం వెతుకుతారు. పేపర్ తయారుచేసేవాళ్లకు ఈ సంగతి తెలియదా? వాక్యానికి అతకని జంటని కూడా అందులో పెడతారు.

అసలు జబ్బు జీఆర్ఈ దగ్గర మొదలైంది కాదు. మన ఇంజినీరింగ్ ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇంగ్లీషు లేదు. లేదు కాబట్టి ఇంటర్‌లో ఇంగ్లీషు పీరియడ్ అంటే మ్యాథ్స్ బిట్లు చేసుకునే పీరియడ్. పరీక్షకి ముందు గైడ్‌లోంచి ఎస్సేలు అప్పజెప్పుకోవడం, అంతే. బీటెక్‌లో పాత ప్రశ్నపత్రాలతో గట్టెక్కేస్తాం. అలా ఆరేళ్లు, ఏ రాతనీ మొదటి నుంచి చివరి దాకా చదివి "ఈయన చెప్పదలచుకున్నదేంటి" అని ఆలోచించాల్సిన అవసరమే రాదు. తర్వాత క్వాంట్‌లో 165 దాటిన పిల్లాడు వెర్బల్‌లో 145 దగ్గర ఆగిపోతే "వొకాబ్ వీక్ అన్నా" అంటాడు. వీక్ అయింది వొకాబ్ కాదు నాయనా. ఇంకో మాట: తెలుగు మీడియంలో చదివినా కథలూ వ్యాసాలూ చదివే అలవాటున్నవాళ్లు పాసేజ్‌ల దగ్గర అంతగా బెదరరు. నేను చూసినంతలో ఇది నిజం.

పాసేజ్‌లో మనల్ని ఎక్కువగా ముంచేది ఒకటుంది. మొదటి పేరాలో "చాలామంది చరిత్రకారులు ఇలా అంటారు" అని ఒక వాదన వస్తుంది. రెండో పేరాలో రచయిత నెమ్మదిగా దాన్ని పక్కకు తోస్తాడు. పూర్తిగా కూడా కాదు, కొంత ఒప్పుకుని కొంత తోస్తాడు. ప్రశ్నేమో రచయిత అభిప్రాయం మీద. మనం మొదటి పేరాలోని వాదన పెట్టేసి వస్తాం. చదివాం, పదాలన్నీ అర్థమయ్యాయి, అయినా తప్పే.

అందుకే నా సలహా, తీసుకుంటే తీసుకోండి. రోజూ ఒక మంచి వ్యాసం చదవండి. అందరూ చెప్పే హిందూ ఎడిటోరియల్ చెడ్డదేం కాదు, కాకపోతే అందులో ఎక్కువగా రాజకీయాలూ ప్రభుత్వ విధానాలే ఉంటాయి. జీఆర్ఈ పాసేజ్‌లు సైన్స్ నుంచి వస్తాయి, చరిత్ర నుంచి వస్తాయి, కళల నుంచి వస్తాయి. స్మిత్‌సోనియన్, ఏయాన్ లాంటి పత్రికలు ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతాయి. పేరా అయ్యాక స్క్రీన్ మీంచి తల తిప్పి, అందులో ఏముందో తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పుకోండి. చెప్పలేకపోతే మళ్లీ చదవండి. తెలియని పదాన్ని వాక్యంతో సహా రాసుకోండి. లిస్టు అసలు వద్దనట్లేదు, తరచుగా వచ్చే కొన్ని వందల పదాలు చూసుకోవాల్సిందే. రోజులో అరగంట దానికి చాలు.

కోవిడ్ తర్వాత చాలా యూనివర్సిటీలు జీఆర్ఈ అడగడమే మానేశాయి కదా అంటారా? మీరు అప్లై చేసేవి అడగకపోతే రాయకండి, డబ్బులు మిగులుతాయి. చదవడం మాత్రం తప్పదు. ఎంఎస్‌లో ప్రొఫెసర్ రీసెర్చ్ పేపర్లు ఇచ్చి, చదివి క్లాసుకి రమ్మంటే అక్కడ ఆప్షన్లు ఉండవు.

రాసేవాళ్లకు చివరగా: జీఆర్ఈ పెట్టే ఈటీఎస్ వాళ్లే పవర్‌ప్రెప్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో రెండు ప్రాక్టీస్ టెస్టులు ఫ్రీగా ఇస్తున్నారు. రెండూ మొదటి వారంలోనే తగలేయకండి. ఒకటి ముందు, ఇంకోటి పరీక్షకి కొద్దిరోజుల ముందు. తప్పుపోయిన ప్రతి ప్రశ్ననీ మళ్లీ తీసి, సరైన జవాబేదో చూసుకుని వదిలేయకుండా, మీరు పెట్టింది ఎందుకు తప్పో మీ మాటల్లో రాయండి. ఒక్కోదానికి పావుగంట పడుతుంది. క్లాసులో ఎవరూ ఇది చేయించరు, సిలబస్ ముందుకు జరగదు మరి.