డ్రాగన్ మీద అర్జీ

సోమవారం వచ్చిందంటే హన్మకొండ కలెక్టరేట్‌లో ప్రజావాణి. పింఛను ఆగిందని, పాసుబుక్కులో రెండు గుంటలు తగ్గాయని, పక్కింటాయన నాలా మీద గోడ లేపాడని జనం అర్జీలు పట్టుకుని వరుసలో నిలబడతారు. పాపం, వాళ్లకు వారానికి ఒక్కటే రోజు. ఆన్‌లైన్‌లో రోల్ ప్లేయింగ్ గేములు ఆడేవాళ్లకు ఆ బాధ లేదు, వాళ్లకు రోజూ సోమవారమే. కత్తి దొరకలేదని ఒకడు, దొరికిన కత్తికి పదును చాలదని ఇంకొకడు, ఎదుటివాడి కత్తి తనదానికన్నా పొడుగ్గా ఉందని మరొకడు, పగలూ రాత్రీ కంపెనీకి సూచనలు పంపిస్తూనే ఉంటారు.

ఈ సూచనలను ఓపిగ్గా చదివితే ఒక సంగతి బోధపడుతుంది. ఎక్కడా ‘నాకు’ అన్న మాట ఉండదు. ‘ఆట సమతుల్యత దృష్ట్యా’ అనో, ‘కొత్త ఆటగాళ్ల భవిష్యత్తు కోసం’ అనో మొదలవుతాయి. చివరికొచ్చేసరికి ఆ భవిష్యత్తు కాస్తా రాసినవాడి సంచిలో తేలుతుంది. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అందరి మేలూ ఒక్కసారే చేయలేం కదా, ఎవరో ఒకరితో మొదలుపెట్టాలి.

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు ‘మడ్’ అనే ఆట తయారుచేశారు. బొమ్మల్లేవు, రంగుల్లేవు, తెర మీద ఉత్త అక్షరాలు. ఇవాళ్టి ఆన్‌లైన్ లోకాలన్నింటికీ అదే తాత. ఆ బార్టిలే 1996లో ఒక వ్యాసం రాసి ఆటగాళ్లను నాలుగు రకాలుగా విడదీశాడు: పాయింట్లు పోగేసేవాళ్లు, లోకమంతా చుట్టొచ్చేవాళ్లు, కబుర్లకు వచ్చేవాళ్లు, ఎదుటివాణ్ని చంపి సంతోషించేవాళ్లు. ఇదే వ్యాసం హన్మకొండలో కూర్చుని రాసి ఉంటే ఐదో రకం కూడా చేరేది. ఆడడం పక్కనపెట్టి, ఆట ఎలా ఉండాలో చెప్పేవాళ్లు. మా గిల్డ్, అంటే కలిసి ఆడే మా జట్టు, మొత్తం ఆ రకమే.

మా గిల్డ్‌లో నయీంనగర్ హాస్టళ్ల కోచింగ్ పిల్లలున్నారు, కాజీపేట రైల్వే క్వార్టర్స్ నుంచి ఇద్దరు అన్నదమ్ములున్నారు, మార్కెట్లో మిర్చి అడ్తి (కమీషన్ దుకాణం) నడిపే అన్న ఒకాయన, రెవెన్యూలో పనిచేసి రిటైరైన సార్ ఒకాయన ఉన్నారు. ఈమధ్య మేం ఆడే ఆట కంపెనీవాళ్లు, ఏమేం మెరుగుపరచాలో చెప్పండని ఆటగాళ్లను అడిగారు. అడగకుండానే చెప్పేవాళ్లను అడగడమంటే సాహసమే. ఆ ఆదివారం సుబేదారిలో ఒక చాయ్ హోటల్ దగ్గర అర్జీ రాయడానికి కూర్చున్నాం.

మొదటి అంశం, ఏ పాత్రకు ఎంత బలం ఉండాలన్నది. శత్రువుకు ఎదురు నిలబడే టాంక్ పాత్ర ఆడే తమ్ముడు ముందు లేచాడు. “దెబ్బలన్నీ మేం తినాలె, పేరేమో ఆర్చర్లకు పోవాలె. గిదెక్కడి న్యాయమన్నా?” హీలర్ ఆడేవాడు, తను గుక్కెడు మందు పోయకపోతే అందరూ రెండు నిమిషాల్లో శవాలేనని గుర్తుచేశాడు. అన్నింటికన్నా గొప్పగా మాట్లాడింది ఆర్చర్. “నాకైతే ఏం వద్దన్నా. మాంత్రికునిది జర తగ్గిస్తే సాలు.” తనకంటూ ఏమీ కోరకుండా, ఎదుటివాడికి తగ్గిస్తే చాలనుకునే ఆ నిస్వార్థానికి నాకు ముచ్చటేసింది. గంటన్నర వాదులాడాక ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేశాం: పాలడిన్ అనే పవిత్ర యోధుడి పాత్ర బలం సగానికి సగం తగ్గించాలి. మా గిల్డ్‌లో పాలడిన్ ఆడేవాడు ఒక్కడే ఉండేవాడు, వాడు పోయిన నెలే కరీంనగర్ గిల్డ్‌లోకి మారాడు.

రెండోది డ్రాప్ రేటు. డ్రాగన్‌ను చంపితే అగ్నిఖడ్గం దొరికే అవకాశం ఒక శాతమని ఆటలోనే రాసి ఉంది. ఒక శాతమంటే వందసార్లు చంపితే ఒకసారి ఖాయం అని కాజీపేట పెద్దోడి నమ్మకం. అదేం కాదు. వందసార్లు చంపాక కనీసం ఒకసారైనా దొరికే అవకాశం 63 శాతం, అంటే వందమందిలో 37 మంది ఉత్త చేతులతో ఇంటికి పోతారు. మూడువందలసార్లు చంపినా దొరకనివాళ్లు వందకు ఐదుగురు మిగులుతారు. ఆ ఐదుగురూ మన వరంగల్‌లోనే ఎందుకుంటారన్నదే అసలు ప్రశ్న. హైదరాబాద్‌లో కూర్చుని ఆడేవాళ్లకు మూడో దెబ్బకే కత్తి ఊడిపడుతుంది. దీన్ని ప్రాంతీయ వివక్షగా గుర్తించాలని అర్జీలో చేర్చాం. కొన్ని ఆటల్లో ‘పిటీ’ అని ఒక పద్ధతి ఉంటుంది. ఇన్నిసార్లు ప్రయత్నించినా రాకపోతే తర్వాతిసారి తప్పకుండా ఇచ్చేస్తారు. అది మనకూ కావాలన్నాం. ఎన్నిసార్లకు ఇవ్వాలన్న దగ్గర కాస్త ఆగాం. పెద్దోడు అప్పటికి 140 సార్లు చంపి ఉన్నాడు. కాబట్టి 141 అని రాశాం.

వేలం బజారు గురించి మాత్రం అడ్తి అన్న మాట్లాడుతుంటే మేమంతా నోళ్లు తెరుచుకుని విన్నాం. ఆటలో ఆక్షన్ హౌస్ ఉంటుంది. దొరికిన మందుసీసాలు, తోళ్లు, డ్రాగన్ పొలుసులు అక్కడ పెట్టి అమ్ముకోవచ్చు. అమ్మేవాడే ధర పెడతాడు, కొనేవాడు నచ్చితే కొంటాడు, డబ్బు ఆ క్షణమే జమవుతుంది. అన్నకు ఇది మొదటి రోజు నుంచీ మింగుడు పడలేదు. “అమ్మెటోడు ధర చెప్పుడేంది తమ్మీ? గట్లయితే మార్కెట్ అంటరా దాన్ని?”

అన్న చెప్పిన పద్ధతి ఇది. పొద్దున్నే జెండా పాట ఉండాలి. అందరిలోకీ నిగనిగలాడే పొలుసుల కుప్ప ఒకటి చూసి దానికి రికార్డు ధర పాడాలి. ఆ ధర తెర మీద పెద్ద అక్షరాలతో రోజంతా మెరవాలి. మిగతా కుప్పలన్నీ ఆ తర్వాత వాటి వాటి నాణ్యతను బట్టి, అంటే కొనేవాడి మూడును బట్టి పోతాయి. తాలు, అంటే నాసిరకం, పొలుసులు వేరు చేయాలి. తేమ చూడాలి. నిప్పులు కక్కే జంతువు తోలులో తేమ ఎక్కడిదని హాస్టల్ పిల్లాడు అడిగాడు. “సంపింది చెర్వుగట్టు మీద గాదా?” అన్నాడు అన్న. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. వంద సీసాలకు మూడు సీసాలు తరుగు. సంచిలోంచి దించినందుకు హమాలీ, తూకం వేసినందుకు దడ్వాయి. చివరికి తక్‌పట్టీ, అంటే లెక్క చీటీ, చేతిలో పెట్టి, డబ్బు పదిహేను రోజులకు రమ్మనాలి. ఇప్పుడే కావాలంటే రెండు శాతం కోత. ఇంత చేస్తేగానీ కొత్త ఆటగాళ్లకు కష్టం విలువ తెలియదని అన్న అభిప్రాయం. అడ్తి లైసెన్సులు ఎవరికిస్తారని అడిగితే, ఆటలో అయినా సరే అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వాలన్నాడు.

ఈ రంగంలో కంపెనీలకు చేదు అనుభవాలు లేకపోలేదు. డయాబ్లో 3 ఆటలో 2012లో నిజం డబ్బుతో కొనే వేలం పెట్టారు. రాక్షసుణ్ని చంపి గెలుచుకోవాల్సిన వస్తువు బజార్లో దొరుకుతుంటే ఇక రాక్షసుడి దగ్గరికి పోయే పనేముంది? ఆట అసలు రుచే దెబ్బతింటోందని కంపెనీయే చెప్పి, 2014 మార్చిలో దాన్ని మూసేసింది. ఈ కథ చెబితే అన్న జాలిగా తలూపాడు. “తరుగు పెట్టలే గదా. అందుకే నడ్వలే.”

రిటైర్డ్ సార్ది ఇంకో ధోరణి. నిద్ర పట్టక రాత్రిళ్లు ఆట మొదలుపెట్టిన ఆయన ఇప్పుడు అరవయ్యో లెవల్ మాంత్రికుడు. ఆటలో ఆయనకు కనిపించిన లోపం ఒక్కటే, పరిపాలన లేదు. ఊరి పెద్ద దారినపోయేవాణ్ని పిలిచి పది తోడేలు తోళ్లు తెమ్మంటాడు. వాడు తెస్తాడు. అక్కడికక్కడే బంగారం ఇచ్చేస్తాడు. “ఏ తీర్మానం ప్రకారం ఇచ్చాడు? ఏ పద్దు కింద రాశాడు? ఆ తోళ్లు తోడేళ్లవేనని పంచనామా ఎవరు చేశారు?” అని సార్ ప్రశ్న. ఇలా అప్పగించే పనికి, అంటే క్వెస్టుకు, దరఖాస్తు చేసుకునేవాడు మీసేవ నుంచి నివాస ధ్రువపత్రం, రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు జతచేయాలని నాలుగు పేజీలు రాసిచ్చారు. అంతటితో ఆగలేదు. డ్రాగన్ గుహ ఏ సర్వే నంబరులో ఉందో మ్యాప్ పెద్దది చేసి చూశారట. అది చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగాలో ఉంది. అంటే డ్రాగన్ ఆక్రమణదారు. ఆక్రమణదారుకు నోటీసు ఇవ్వకుండా, జవాబుకు గడువు ఇవ్వకుండా నలభై మంది కత్తులతో మీద పడితే రేపు కోర్టులో నిలబడదని హెచ్చరించారు. నాలుగో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, రిటైర్డ్ ఉద్యోగులకు పై నిబంధనల నుంచి మినహాయింపు ఉండాలని కూడా ఉంది.

కరెంటు పోతే డ్రాగన్ కూడా ఆగాలన్న సూచన మీద పెద్దగా చర్చ అక్కర్లేకపోయింది. అమ్మ అన్నానికి పిలిస్తే నొక్కే బటన్ కూడా అంతే. ఆన్‌లైన్ ఆటకు పాజ్ ఉండదన్న మాట ఏ తల్లీ ఇంతవరకు నమ్మలేదు, ఇకముందు నమ్మే సూచనలూ లేవు. కాబట్టి తల్లులను కాదు, ఆటనే మార్చాలి.

ఇక సీనియర్లు. వీళ్లు కొత్తవి అడగరు, పాతవి తిరిగిమ్మంటారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చినప్పుడు నలభయ్యో లెవల్ దాకా గుర్రం ఎక్కే యోగం ఉండేది కాదు. అప్పటిదాకా కాళ్లీడ్చుకుంటూ నడవాల్సిందే. తర్వాత అన్నీ సులువు చేశారు. ఆ కష్టాల కాలాన్నే మళ్లీ తెచ్చిపెట్టమని పాత ఆటగాళ్లు వెంటపడితే, మీకు కావాలనిపిస్తోంది గానీ నిజానికి అక్కర్లేదని 2013లో కంపెనీ పెద్ద ఒకాయన వేదిక మీదే అన్నాడు. 2019లో ఆ కంపెనీయే పాత ఆటను ‘క్లాసిక్’ పేరుతో తెచ్చింది. లాగిన్ కావడానికి జనం గంటల తరబడి క్యూలో ఉన్నారు. ఇది తల్చుకుంటే మా సీనియర్లకు ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి. మా ఆటలోనూ పాత కష్టాలు తేవాలని వాళ్ల డిమాండ్. అయితే వాళ్ల దగ్గరున్న గుర్రాలు వాళ్ల దగ్గరే ఉండాలి. వాళ్లు ఒకసారి నడిచేశారు కదా.

ఇన్ని అర్జీల్లో ఏవి నెగ్గాలో ఓటింగ్ పెడితే తేలిపోతుందని అంటారు. పెట్టిన ఆటలూ ఉన్నాయి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో పెద్ద మార్పు ఏది రావాలన్నా ఓటేసిన ఆటగాళ్లలో 75 శాతం ఔననాలన్న నియమం ఉండేది. తర్వాత 70కి తగ్గించారు. డెబ్బై శాతం! మా గిల్డ్‌లో చాయ్ చక్కెరతోనా లేకుండానా అన్నదాని మీదే అంత మెజారిటీ రాలేదు. ఈవ్ ఆన్‌లైన్‌వాళ్లు ఇంకా ముందుకుపోయి, 2008 నుంచి ఆటగాళ్ల ప్రతినిధులకు ఎన్నికలే పెడుతున్నారు. గెలిచినవాళ్లు ఐస్‌లాండ్ పోయి కంపెనీవాళ్లతో కూర్చుని మాట్లాడతారు. ఈ ముక్క చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. హాస్టల్ పిల్లల్లో అప్పటికప్పుడు నలుగురు అభ్యర్థులు తయారయ్యారు. ఒకడు ప్రతి గిల్డ్‌కూ కమ్యూనిటీ హాలు అన్నాడు, ఇంకొకడు చచ్చిన ప్రతిసారీ ఎక్స్‌గ్రేషియా అన్నాడు. ఐస్‌లాండ్‌లో చలి ఎంతుంటుందని నలుగురూ విడివిడిగా నన్నడిగారు. హంటర్ రోడ్డు మీద ఫ్లెక్సీకి ఎంతవుతుందో కూడా కనుక్కున్నారట.

మొత్తానికి పదకొండు పేజీల అర్జీ తయారైంది, పంపాం. మూడు సెకన్లలో జవాబొచ్చింది. మీ అమూల్యమైన సూచనను శ్రద్ధగా పరిశీలించి సంబంధిత బృందానికి పంపామని అందులో ఉంది. ఈ వేగం చూసి సార్ కళ్లు చెమర్చాయి. ఆయన సర్వీసు మొత్తంలో ఏ ఫైలూ ఇంత తొందరగా కదల్లేదట.

తర్వాతి గురువారం అప్‌డేట్ వచ్చింది. పాలడిన్ అలాగే ఉన్నాడు. తేమ, తరుగు రాలేదు. డ్రాగన్‌కు నోటీసూ అందలేదు. కానీ అగ్నిఖడ్గం డ్రాప్ రేటు పెంచారు, అదీ అందరికీ. శనివారానికల్లా ఆటలో ఎవడి నడుముకు చూసినా అదే కత్తి. నిన్నగాక మొన్న చేరిన పిల్లలు దాంతో కోళ్లను చంపుతున్నారు. కరీంనగర్ గిల్డ్‌వాళ్లైతే ఊరి కూడలిలో వరుసగా నిలబడి కత్తులు తిప్పి చూపించారు.

అత్యవసర సమావేశం పెట్టాం. “అందరికిచ్చుడేందన్నా, గిదేమన్న రేషన్ బియ్యమా?” అని పెద్దోడు బాధపడ్డాడు. అనుమతిలేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్‌కు పెట్టినట్టు ఈ కత్తికీ ఒక కటాఫ్ తేదీ ఉండాలని, ఆ తేదీకి ముందు దొరికినవాళ్లవే అసలు కత్తులుగా ఉంచి మిగతావి రద్దు చేయాలని సార్ చెప్పారు. అందరికీ నచ్చింది. తేదీ దగ్గరే పేచీ వచ్చింది. సీనియర్లు అప్‌డేట్‌కు ముందురోజు అంటున్నారు, పెద్దోడు శనివారం మధ్యాహ్నం అంటున్నాడు, అడ్తి అన్న ఇంకా కత్తి దొరకలేదు కాబట్టి వచ్చే నెలాఖరు అంటున్నాడు. నాకు గురువారం రాత్రి పదకొండు దాటాక దొరికింది. ఏ పక్షానికీ మొగ్గకుండా ఆలోచిస్తే, శుక్రవారం పొద్దున ఆరు గంటలు సబబుగా కనబడుతోంది. సర్వర్ రీసెట్ కూడా అప్పుడే అవుతుంది, లెక్కలు తీయడం వాళ్లకూ తేలిక. అర్జీ సార్ రాస్తున్నారు. సంతకాలు పెట్టడానికి ఎవరైనా రావచ్చు, కరీంనగర్ వాళ్లు తప్ప.