‘చదువుకోడానికి వెళ్లినవాళ్లకు రాజకీయాలెందుకు?’ అన్న ఫార్వర్డ్‌కి నా జవాబు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది. మొదట మా మేనమామ పంపాడు. తర్వాత డల్లాస్‌లో ఉండే బాబాయి, ఆ తర్వాత నేనెప్పుడూ చూడని ఇంకో ఇద్దరు. ఎవరు రాశారో తెలియదు గానీ, పంపిన ప్రతివాళ్లూ కింద దండం బొమ్మ పెట్టారు. అందులో ఉన్న సంగతి ఇది: అమెరికాలో స్టూడెంట్ వీసా మీద ఉన్న మన పిల్లలు పన్ను కట్టరు, అక్కడివాళ్ల డబ్బుతో చదువుకుంటారు. వాళ్లు అతిథులు, ఓటు లేదు కాబట్టి మాట్లాడకూడదు. దేశం వదిలేశారు కాబట్టి ఇక్కడి సంగతులూ మాట్లాడకూడదు. పెళ్లాం పిల్లల్ని చూసుకుని, పూర్వం వెళ్లినవాళ్లలా తలొంచుకుని చదువుకోవాలి. నోరు తెరిస్తే వీసా పోతుంది.

నేను అమెరికాలో పీహెచ్‌డీ నాలుగో ఏడులో ఉన్నాను. మాది ఒంగోలు వైపు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా నాది, దాని మీద డిపెండెంట్‌గా ఎఫ్-2లో వచ్చింది మావారు. ‘పెళ్లాం పిల్లల్ని’ అన్న చోటే మెసేజ్ రాసినాయనకు మా ఇల్లు అర్థం కాలేదని తెలిసిపోయింది. సరే, ఒక్కొక్కటే చూద్దాం.

పన్నులతో మొదలుపెడతాను, ఎందుకంటే గ్రూపులో ఎక్కువ చప్పట్లు దీనికే పడ్డాయి. నేను టీచింగ్ అసిస్టెంట్‌ని. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు మించి పని చేయడానికి వీల్లేదు, మించితే వీసా షరతు తప్పినట్టే. ఆ 20 గంటల్లో రెండు ల్యాబ్‌లు చెప్పాలి, అరవై మంది పిల్లల రిపోర్టులు దిద్దాలి, పరీక్ష ముందు రోజు రాత్రి పదకొండింటికి ‘ఈ లెక్క ఎందుకు రావట్లేదు’ అని వచ్చే మెయిళ్లకు జవాబులివ్వాలి. అలా వచ్చేది జీతం, స్కాలర్‌షిప్ దానం కాదు. 2024లో నాకు వచ్చింది 24,000 డాలర్లు. ఇండియా, అమెరికాల మధ్య ఉన్న పన్నుల ఒప్పందంలో 21వ అధికరణం ఉంది కాబట్టి మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కలో ముందే తీసేసే మొత్తం, దొరుకుతుంది. ఇంకా చాలా దేశాల వాళ్లకు అది లేదు. ఆ ఏడాదికి అది 14,600. మిగిలిన 9,400 మీద పది శాతం, అంటే 940 డాలర్లు ఫెడరల్ ఇన్‌కం ట్యాక్స్ కట్టాను. మావారితో కలిపి జాయింట్‌గా పన్ను రిటర్ను వేసుకోడానికి మాకు వీల్లేదు. ఇందులో నవ్వొచ్చే సంగతి ఏంటంటే, ఇక్కడ ఒక్క డాలర్ కూడా సంపాదించని మావారు కూడా ఏటా 8843 అనే ఫారం నింపి పంపాలి.

పింఛన్లకూ పెద్దవాళ్ల వైద్యానికీ వెళ్లే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మా జీతంలో కట్ కావన్నది నిజం. దాచాల్సిన పని లేదు. కానీ ‘ప్రభుత్వ సొమ్ము తింటారు’ అనేవాళ్లు ఇంకోవైపు కూడా చూడాలి. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే చదువుల గ్రాంట్లు, లోన్లు మాకు రావు. ఫుడ్ స్టాంపులు రావు. ప్రొఫెసర్‌కి వచ్చిన రీసెర్చ్ గ్రాంటు పన్నుల డబ్బే అనొచ్చు. అది పని చేయించుకుని ఇచ్చే కూలి. రోడ్డు వేసిన మేస్త్రీని జనం సొమ్ము తిన్నాడని అనం కదా.

పైగా ఇది పీహెచ్‌డీ వాళ్ల లెక్క మాత్రమే. మన ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాస్టర్స్ పిల్లలు. వాళ్ల ఫీజు ఎవరు కడుతున్నారో మామయ్యకు నేను చెప్పాలా? తన కొడుకు చదువు కోసం బ్యాంకులో ఇంటి కాగితాలు పెట్టింది ఆయనే. 2023-24లో అమెరికాలో ఉన్న ఇండియా విద్యార్థులు 3,31,602 మంది, అన్ని దేశాల్లోకీ మనమే ఎక్కువ. ఆ ఏడాది విదేశీ విద్యార్థులంతా కలిసి ఆ దేశ ఆర్థిక వ్యవస్థకు తెచ్చింది 4,380 కోట్ల డాలర్లని అక్కడి విద్యారంగ సంస్థ నాఫ్సా లెక్క కట్టింది. ఎవరి డబ్బుతో ఎవరు నడుస్తున్నారన్నది ఆ అంకె దగ్గర కాస్త తిరగబడుతుంది.

ఇక ‘కుటుంబం చూసుకోండి, రాజకీయాలు వదిలేయండి’. ఈ మాట అన్నవాళ్ల ఇంట్లో ఆ రెండూ వేరు వేరు గదుల్లో ఉంటాయేమో. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది ఒకటే గది.

మావారు హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి, నా కోసం మానేసి వచ్చాడు. ఎఫ్-2 మీద ఉద్యోగం చేయకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ రాదు. 2015లో మార్చిన రూలు వల్ల పార్ట్ టైంగా చదువుకోవచ్చు గానీ, ఆ ఫీజు కట్టే డబ్బు నా జీతంలో లేదు. కాబట్టి వంట ఆయనది, బట్టలు ఆయనవి, ఇప్పుడు పాప డైపర్లూ ఆయనవే. ‘అల్లుడుగారు ఏం చేస్తున్నారు?’ అని ఫోన్లో ఎవరైనా అడిగితే మా అమ్మ ‘కంప్యూటర్ పని’ అని దాటేస్తుంది. ఇంత తెలివైన మనిషి రోజంతా ఇంట్లో కూర్చోవడం ఆయన బద్ధకం వల్ల కాదు, ఎవరో రాసిన ఒక నిబంధన వల్ల. ఆ నిబంధన మీద నాకు అభిప్రాయం ఉండకూడదంటే ఎలా?

మావారికీ పాపకూ హెల్త్ ఇన్సూరెన్స్ కావాలంటే నెల జీతంలో ఎంత పోతుందో చూసిన రోజే నేను గ్రాడ్యుయేట్ విద్యార్థుల యూనియన్‌లో చేరాను. కుటుంబసభ్యుల ప్రీమియంలో సగం యూనివర్సిటీ పెట్టుకోవాలని అడుగుతున్నాం. మా బాబాయి దృష్టిలో ఇది ఎర్రజెండా రాజకీయం. నాకైతే పాప టీకాల బిల్లు. (యూనియన్‌లో అన్నీ నాకు నచ్చుతాయని కాదు. మూడు గంటల మీటింగులో రెండు గంటలు తీర్మానంలో ఏ పదం వాడాలన్న దాని మీదే పోతుంది.)

పాప సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. 2025 జనవరి 20న కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసిన రోజే ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి సిటిజన్‌షిప్పో గ్రీన్ కార్డో లేకపోతే, అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం ఉండదని దాని సారాంశం. 30 రోజుల తర్వాత పుట్టేవాళ్లకు వర్తిస్తుందన్నారు. నాకు అప్పుడు ఎనిమిదో నెల. మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి వంటింట్లో మెంతులు వేయిస్తోంది. ఫోన్లో టీవీ డిబేట్ పెట్టుకుని ‘ఫిబ్రవరి 19 లోపు అయితే మంచిదట కదే’ అంది. నెలలు నిండకముందే ఆపరేషన్ చేయించుకోవడం గురించి మాలాంటివాళ్లు డాక్టర్లను అడుగుతున్నారని అప్పట్లో వార్తలు కూడా వచ్చాయి. మేము అడగలేదు. కానీ ఆ రాత్రి నేనూ మావారూ కూర్చుని క్యాలెండర్ చూశాం. అబద్ధం ఎందుకు చెప్పాలి.

మూడు రోజులకే సియాటెల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆ ఉత్తర్వును ఆపాడు. మార్చిలో మా పాప పుట్టేనాటికి అది అమల్లో లేదు. ఆ కేసులో పదేపదే వినబడ్డ పేరు వాంగ్ కిమ్ ఆర్క్. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వంటవాడు. ఓడలో తిరిగొస్తే దిగనివ్వకపోతే, కోర్టుకెక్కి 1898లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. ఆయన ‘మనకెందుకొచ్చిన గొడవ’ అనుకుని ఉంటే మేము క్యాలెండర్ చూడాల్సిన రాత్రులు ఇంకెన్నో ఉండేవి. నేను రాజకీయాల్లోకి వెళ్లలేదు మామయ్యా, అవే మా ఇంట్లోకి వచ్చి ఎనిమిదో నెల కడుపు మీద తేదీ వేసి వెళ్లాయి.

‘అతిథి మాట్లాడకూడదు’ అన్నదానికి పెద్దగా చెప్పక్కర్లేదు. ఓటు లేదు, నిజమే. సిటిజన్ కానివాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేస్తే 1996 నాటి చట్టం ప్రకారం నేరం. అక్కడి అభ్యర్థులకు మేము చందా ఇవ్వడమూ నేరమే. ఈ రెండూ గీత గీసి చెప్పినవి, నేను దాటను. మాట మాత్రం ఆ గీత లోపలే ఉంది. విదేశీయులకూ వాక్ స్వాతంత్ర్యం ఉంటుందని అక్కడి సుప్రీంకోర్టు 1945లోనే, హ్యారీ బ్రిడ్జెస్ అనే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కార్మిక నాయకుడి కేసులో అంది. అయినా అద్దె కట్టి, ఇంట్లో పని కూడా చేసిపెట్టే మనిషిని అతిథి అనే మర్యాద నేనెక్కడా చూడలేదు.

‘ఇండియా గురించి మాట్లాడొద్దు’. నా చేతిలో ఉన్నది ఇండియా పాస్‌పోర్టు. 2010లో చేసిన సవరణ వల్ల, వేరే దేశ పౌరసత్వం తీసుకోని ప్రవాసులు ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ఊళ్లో ఓటరుగా చేరవచ్చు. కాకపోతే వచ్చి వేయాలి. 2024 మే 13న పోలింగ్ రోజు నేను గ్రేడ్లు అప్‌లోడ్ చేస్తూ ఉండిపోయాను, అది నా తప్పే. కానీ అంతకు నెల ముందు ఇదే గ్రూపులో ‘మనవాడు నిలబడుతున్నాడు, అమెరికాలో ఉన్నవాళ్లు తలో చెయ్యి వేయాలి’ అని అడిగింది ఎవరు? చందాకు పనికొచ్చిన చెయ్యికి నోరు ఉండకూడదా?

‘పూర్వం వెళ్లినవాళ్లు తలొంచుకుని చదువుకున్నారు’ అన్న ముక్క దగ్గర మాత్రం నాకు నిజంగా నవ్వొచ్చింది. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద కొలంబియా యూనివర్సిటీకి వెళ్లిన ఒకాయన, భార్యాబిడ్డల్ని బొంబాయిలో వదిలి, 1916 మే 9న అక్కడి సెమినార్‌లో కులం ఎలా పుట్టిందన్న దాని మీద వ్యాసం చదివాడు. ఆయన పేరు అంబేద్కర్. మెసేజ్ ప్రకారమైతే, వేరేవాళ్ల డబ్బుతో చదువుతూ ఆయన అలా మాట్లాడకూడదు. 1922లో వెళ్లిన జయప్రకాశ్ నారాయణ్ చిన్నాచితకా పనులు చేసుకుంటూ చదివి, విస్కాన్సిన్‌లో మార్క్సిస్టుగా మారి, 1929లో తిరిగొచ్చాడు. అన్నేళ్లూ ప్రభావతీదేవి గాంధీ ఆశ్రమంలో ఉంది. ఇంటికొచ్చాక ఆ భార్యాభర్తల మధ్య వాదనలు ఎలా నడిచాయో అని అప్పుడప్పుడూ ఊహించుకుంటూ ఉంటాను.

అంతదూరం ఎందుకు, మన కనిగిరిలో పుట్టిన దర్శి చెంచయ్య ఉన్నాడు. చదువుకోడానికి కాలిఫోర్నియా వెళ్లి బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ గదర్ పార్టీలో చేరాడు, తర్వాత జైలు పాలయ్యాడు. తలొంచుకున్నవాళ్లు లేరని కాదు. వాళ్లలో ఎవరి పేరు చెప్పినా మీరు గుర్తుపట్టరు, అంతే.

ఇంకో మాట, ఇది డల్లాస్ బాబాయికి. 1946 నుంచి 1965 దాకా అమెరికాలో స్థిరపడటానికి ఇండియాకు ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. ఆ పద్ధతిని 1965 చట్టం తీసేసింది. అంతకు ముందు ఏడాదే పౌరహక్కుల చట్టం వచ్చింది. నల్లవాళ్లు వీధుల్లోకి వచ్చి దెబ్బలు తిని తెచ్చిన గాలిలోనే మన తలుపు కూడా తెరుచుకుంది. బాబాయి గ్రీన్ కార్డులో మెరిట్ ఉంది, కాదనను. ఆ గాలీ ఉంది.

చివరిది, ‘మాట్లాడితే వీసా పోతుంది’. మొత్తం మెసేజ్‌లో నిజం ఉన్నది ఇక్కడే, అందుకే దీన్ని వెక్కిరించను. 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న తుర్కియే అమ్మాయిని వీధిలో ముసుగులేసుకున్న అధికారులు పట్టుకెళ్లారు. కాలేజీ పత్రికలో ఇంకొందరితో కలిసి రాసిన వ్యాసమే ఆమె చేసిన పని. ఆరు వారాల తర్వాత జడ్జి ఉత్తర్వుతో బయటికొచ్చింది. జూన్ నుంచి స్టూడెంట్ వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టాలన్నారు. ఆ అమ్మాయిని పట్టుకెళ్లిన వీడియో చూసిన రోజు మావారు నా పాత పోస్టులన్నీ చదివాడు. నాతో ఏమీ అనలేదు. రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు, మూడో రోజు ఒక పోస్టు నేనే తీసేశాను. ఇప్పుడు పేరు పెట్టి రాసేముందు రెండుసార్లు ఆలోచిస్తున్నాను.

అయితే అదే ఏడాది ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) ఒక్కసారిగా రద్దయ్యాయి. వాళ్లలో చాలామంది ఏ ఊరేగింపుకీ వెళ్లినవాళ్లు కాదు. ఎప్పుడో స్పీడుగా బండి నడిపారనో, కోర్టు ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసు ఉందనో పోలీసు రికార్డుల్లో పేరున్నవాళ్లు. మాకు తెలిసిన ఒక గుంటూరు అబ్బాయి ఉన్నాడు అందులో, జీవితంలో ఏ పార్టీ గురించీ ఒక్క మాట అన్నవాడు కాదు. వాళ్లు నోరు మూసుకునే ఉన్నారు, అయినా పోయింది. తిరిగి వచ్చింది కూడా ఎలా? కొందరు లాయర్లను పెట్టుకుని కోర్టులకు వెళ్లాక, నెలాఖరుకు ప్రభుత్వమే వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరించింది. సెప్టెంబర్‌లో బోస్టన్‌లో ఇంకో ఫెడరల్ జడ్జి, చట్టబద్ధంగా ఉన్న విదేశీయులకూ పౌరులతో సమానంగా వాక్ స్వాతంత్ర్యం ఉందని తీర్పు చెప్పాడు. ఆ కేసు వేసింది ప్రొఫెసర్ల సంఘం.

ఇదంతా రాసి ముందు మామయ్యకు ఒక్కడికే పంపాను, గ్రూపులో పెడితే పెద్దవాళ్ల ముందు బాగుండదని. రెండు రోజులు నీలం టిక్కులే ఉన్నాయి. మూడో రోజు పొద్దున జవాబొచ్చింది. ‘చెంచయ్యది కనిగిరా? మన పొదిలికి అవతలే కదమ్మా. ఆయన పుస్తకం ఏదన్నా దొరుకుతుందా?’