రాముడి బొమ్మ అణాకు కోట్లు రావు

శ్రీరామనవమి వచ్చిందంటే ఈ మెసేజ్ గ్రూపుల్లో మళ్లీ ఊరేగుతుంది: "1818లో ఈస్ట్ ఇండియా కంపెనీ అణా మీద రామపట్టాభిషేకం వేసింది. తెల్లవాళ్లే మన దేవుణ్ణి కొలిచారు. ఈ నాణెం బియ్యాన్ని లాగితే నాసా కోట్లిచ్చి కొంటుంది." పంపేముందు ఒక్కరైనా దాంతోపాటు వచ్చే నాణెం ఫొటోను పెద్దది చేసి చూడరేం?

ముందు తారీఖు. ఇదే బొమ్మతో 1616, 1717, 1818, 1839 అన్నీ దొరుకుతున్నాయి. రెండు వందల ఏళ్లు అచ్చు మార్చని టంకశాల ఏదో మరి! కంపెనీ నిజంగా కొట్టిన 1835 పావణా మీద ఒకవైపు కంపెనీ చిహ్నం, ఇంకోవైపు ఆకుల దండలో విలువ. బరువు 100 గ్రెయిన్లు, అంటే దాదాపు ఆరున్నర గ్రాములు. అచ్చు కొట్టిన నాణెం మీద అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. పోతపోసిన నకలైతే అక్షరాలు కరిగినట్టుంటాయి, ఒంటినిండా సన్నటి గుంటలు, అంచున ఆకురాయి గీతలు. ఆ బిళ్ల మీద రాసుండే "యూకేఎల్" అణా అంటారా, అలాంటి విలువే లేదు.

కంపెనీ దేవుణ్ణి వేసిందన్నది మాత్రం ఒప్పుకోవాలి. మద్రాసులో కొట్టిన మూడు స్వాముల వరహా మీద వెంకటేశ్వరుడు, ఇరుపక్కలా దేవేరులు. 1808 నుంచి వచ్చిన వెండి అర వరహా మీద ఒకవైపు గోపురం, రెండోవైపు తామరలోంచి లేచే విష్ణువు, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు. భక్తేమీ కాదు లెండి, జనానికి అలవాటైన రూపమైతేనే బజారులో చెల్లుతుందని. రాముడే కావాలంటే తిరుమలరాయల బంగారు వరహా ఉంది, అక్బరు వేయించిన సీతారాముల అర రూపాయి ఉంది. తమాషా ఏమిటంటే, మద్రాసులో వరహాను పక్కనపెట్టి రూపాయిని ప్రామాణికం చేసింది సరిగ్గా 1818లోనే. దేవుడు నాణెం దిగిపోయిన ఏడాదే ఎక్కాడంటున్నారు.

ఫొటోలోది రామటెంకి, మన రామమాడల వంశం. పూజలో పెట్టుకునే బిళ్ల.

ఇప్పుడు బియ్యం. రాగి లాగదు, ఇత్తడి లాగదు, వాళ్లు చెప్పే ఇరీడియం లోహం కలిపినా లాగదు. లాగినట్టు చూపించే మోసగాళ్లు గింజలకు ఇనుప రజను పట్టించి ఆరబెడతారు, బిళ్ల కిందో పెట్టెలోనో అయస్కాంతం దాస్తారు. మీ డబ్బాలో బియ్యం మీరే కడిగి, ఆరబెట్టి ఇచ్చి చూడండి, ఆ రోజు నక్షత్రం బాగాలేదంటారు. ఆ తర్వాత వరసగా పరీక్షకు అడ్వాన్సు, శాస్త్రవేత్తకు విమానం టికెట్, రేడియేషన్ సూటుకు అద్దె, రసాయనాలకు ఇంకొంత. పొలం తాకట్టు పడ్డాక ఫోన్ స్విచాఫ్. పాపం, మన పోపులపెట్టెలో బిళ్ల అందక అక్కడ నాసా రాకెట్లు ఆగిపోయాయి కాబోలు!

రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కమిషన్ అడిగినా ఇదే తంతు. పాత నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదనీ, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదనీ 2021 ఆగస్టులోనే బ్యాంకు ప్రకటించింది.

కొంటామన్నవాళ్లు చింతపండుతో తోమి ఫొటో పంపమంటే తోమకండి. నిజంగా పాత రాగి అయితే పైపొర పోయి ఉన్న విలువా పోతుంది.

ఇక వాళ్లు చెప్పే విదేశీ కొనుగోలుదారు. నూరేళ్లు దాటిన నాణేన్ని సొంతంగా దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. బిళ్ల అసలుదైతే అతనికి పంపకూడదు, నకిలీదైతే అతను కొనడు. మరి అడ్వాన్సు దేనికట?