గోడకు సర్టిఫికెట్ ఉంది, ఫార్మసిస్ట్ ఏరీ?

ఏ మందుల షాపుకెళ్లినా గోడ మీద ఫ్రేము కట్టిన ఫార్మసిస్ట్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కనిపిస్తుంది. అందులో పేరున్న మనిషి మాత్రం చాలాచోట్ల కౌంటర్ దగ్గర ఉండరు. సర్టిఫికెట్‌ను నెలకింత అని అద్దెకిచ్చి, ఇంకెక్కడో ఉద్యోగం చేసుకుంటుంటారు. మందు తీసిచ్చేది షాపులోనే పని నేర్చుకున్న ఏ కుర్రాడో. ఈ సంగతి షాపు యజమానికి తెలుసు, ఔషధ నియంత్రణ శాఖకు తెలుసు. ఫార్మసిస్టుల సంఘాలకు అందరికంటే బాగా తెలుసు. అందుకే ఈ ప్రశ్న ముందుగా సంఘాలనే అడగాలి.

ఫార్మసిస్ట్ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మెథోట్రెక్సేట్ ఒక్కటి చాలు. కీళ్లవాతానికి డాక్టర్లు ఈ మాత్రను వారానికి ఒక్కరోజే వేసుకోమని రాస్తారు. బీపీ మాత్రలాగే ఇదీ అనుకుని రోజూ మింగితే నోరంతా పుళ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణమే పోవచ్చు. చదువుకున్న ఫార్మసిస్ట్ ఈ స్ట్రిప్ చేతికిచ్చే ముందు ఆగుతారు. ‘వారంలో ఏ రోజు వేసుకుంటారమ్మా?’ అని అడిగి, కవరు మీద ‘ఆదివారం మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఏ రోజు వేసుకోవాలో వేరే చెబుతారు. అంతా కలిపి రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల కోసమే మన సమాజం ఒక వృత్తిని తయారుచేసుకుంది.

తయారుచేసుకోవడం కూడా తేలిగ్గా జరగలేదు. మందులు ఇచ్చేవాళ్లకు తగిన శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉండాలని 1931లో, మందుల పరిస్థితిపై ప్రభుత్వం వేసిన చోప్రా కమిటీ చెప్పింది. మరుసటి ఏడాది బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మహదేవ లాల్ ష్రాఫ్ ఫార్మసీ చదువు మొదలుపెట్టారు. 1939 నాటికి ఇండియన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ ఏర్పడింది. ఫార్మసీ చట్టం 1948లో గానీ రాలేదు. డాక్టర్ చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదేనని ఆ చట్టంలోని 42వ సెక్షన్ తేల్చి చెప్పింది. రోగికి మందు గురించి వివరించి చెప్పాలని 2015 నాటి ప్రాక్టీస్ నిబంధనలు కూడా అంటున్నాయి. అంటే చట్టంలో లోటేమీ లేదు.

మరి లోటెక్కడ? రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ అనగానే మనకు గుర్తొచ్చేది రిజిస్ట్రేషన్, రెన్యూవల్, ఫీజు. అయితే ప్రభుత్వ అనుమతితో ఇన్‌స్పెక్టర్లను పెట్టుకునే అధికారం అదే చట్టంలోని 26ఏ సెక్షన్ కౌన్సిళ్లకు ఇచ్చింది. వాళ్లు షాపుకెళ్లి, మందు ఇస్తున్నది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనా కాదా అని చూడవచ్చు, రాతపూర్వకంగా వచ్చిన ఫిర్యాదుపై విచారణ చేయవచ్చు. బీహార్‌లో నకిలీ ఫార్మసిస్టులపై వచ్చిన కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఇదే గుర్తుచేసింది. ఇది ఫార్మసీ కౌన్సిల్, రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యతేనని, ప్రజల ప్రాణాలతో ఆడుకోనివ్వకూడదని చెప్పింది.

ఇక్కడ కౌన్సిల్ వేరు, సంఘం వేరు. కౌన్సిల్ చట్టం పెట్టిన కాపలా, సంఘం ఆ వృత్తిలోని వాళ్లు తమకోసం కట్టుకున్న గొంతు. బ్రిటన్‌లో ఈ రెండు పనులూ ఒకే సొసైటీ చేతిలో ఉండేవి. 2010లో వాటిని విడదీసి, నియంత్రణను కొత్త కౌన్సిల్‌కు అప్పగించారు. మన దగ్గర చట్టప్రకారం విడిగానే ఉన్నాయి. కానీ రాష్ట్ర కౌన్సిల్‌లో ఆరుగురు సభ్యులను రిజిస్టర్డ్ ఫార్మసిస్టులే ఓటేసి ఎన్నుకుంటారు. కాబట్టి కౌన్సిల్ పని చేయకపోతే ఆ తప్పులో వృత్తికీ వాటా ఉంటుంది.

పోస్టులు భర్తీ చేయండి, ప్రమోషన్లు ఇవ్వండి అని సంఘాలు అడగడం న్యాయమే. డి.ఫార్మసీ, బి.ఫార్మసీ చదివి షాపులో చేరిన పిల్లలకు వచ్చే జీతంతో ఇల్లు గడవదు. అద్దె సర్టిఫికెట్ పుట్టింది కూడా అక్కడే: పూర్తి జీతం ఇవ్వడం కంటే అద్దె కట్టడం యజమానికి చవక, తక్కువ జీతానికి రోజంతా నిలబడడం కంటే అద్దె తీసుకోవడం సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు నయం. ఒకరు అద్దెకిచ్చిన ప్రతి సర్టిఫికెట్టూ మరో ఫార్మసిస్ట్ ఉద్యోగాన్ని మింగేస్తోంది. జీతం కోసం పోరాటం, అద్దె మీద పోరాటం ఒకటేనని సంఘాలు గట్టిగా చెప్పాలి. అద్దెకిచ్చేవాళ్లకు సభ్యత్వం ఉండదని ముందు తామే ప్రకటించాలి. అది చేయడానికి ఏ జీవో అక్కర్లేదు.

కౌన్సిల్ ఎన్నికలు వచ్చినప్పుడు ఓటు అడిగే ప్రతి అభ్యర్థినీ ఫార్మసిస్టులు అడగాల్సినవి రెండే: 26ఏ కింద మన రాష్ట్రంలో ఎంతమంది ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు, కిందటి ఏడాది వాళ్లు ఎన్ని షాపులు చూశారు?